మూడో మడి

ఆదివారం. తెల్లారకముందే బండి తీసి, ఎండ ముదరకుండా కోనసీమ తీరంలో ఓడలరేవు దగ్గర ఇసుక దిబ్బల మీదికి చేరాను. ఏటా సంక్రాంతి వెళ్లాక ఇదే పని, ఇది ఆరో ఏడు. మీటరు పొడుగు, మీటరు వెడల్పు మడి చుట్టూ తాడు కట్టి, అందులో ఏయే మొక్కలున్నాయో లెక్క రాసుకోవడం.

మొదటి మడిలో రావణాసురుడి మీసాలనే గడ్డి దుబ్బులు బాగా గుబురు కట్టాయి. గాలికి కొట్టుకొచ్చిన ఇసుక వాటి మొదట్లో జానెడు ఎత్తు పేరుకుంది. మోకాళ్ల మీద కూర్చుని చూస్తే, ఆ ఇసుకలోంచే కొత్త కణుపు మళ్లీ పైకి పొడుచుకొస్తోంది. దిబ్బ నిలబడేది ఇలాగే. పక్కనే బాలబంద తీగ, మేక డెక్కలాంటి ఆకులతో.

మూడో మడి దగ్గర గుండె జారిపోయింది. అంతా చదును చేసి సరుగుడు నాటేశారు. రైతుని తప్పుపట్టలేను, నాలుగైదేళ్లలో కర్ర అమ్మితే డబ్బు చేతికొస్తుంది. కానీ సరుగుడు వేళ్ల బుడిపెలు గాలిలోని నత్రజనిని నేలలో చేరుస్తాయి, రాలిన సూదుల్లాంటి రెమ్మలు నేలంతా కప్పేస్తాయి. బీద ఇసుకలో బతకడం నేర్చిన మొక్కలకి ఆ రెండూ ఇబ్బందే.

గేదెలు తోలుకుంటూ ఒక పెద్దాయన ఆగాడు.

"ఏం పండుద్దని కొలుత్తున్నారండీ మేస్టారూ?"

"పండేదేం లేదు బాబాయ్. ఏటేటా ఏం మారిందో రాసుకుంటున్నా."

"మా చిన్నప్పుడు అవతల ఇంకో దిబ్బ ఉండేదండీ. సముద్రం తినేసింది."

ఆ దిబ్బ మీద ఏం మొలిచేవో ఎవరూ రాసిపెట్టలేదు. దారంతా అదే బాధ.

తాడు ఇంకోచోటికి మార్చేద్దామనుకున్నాను. అప్పుడు అమెరికాలో మిన్నెసోటాలోని సీడర్ క్రీక్ పరిశోధన కేంద్రం గుర్తొచ్చింది. అదీ ఇసుక నేలే. 1982లో గడ్డి మడులకు నత్రజని వేయడం మొదలుపెట్టి, పదేళ్లకు కొన్నిటిలో ఆపేశారు. లెక్క మాత్రం ఆపలేదు. కాబట్టే తెలిసింది, మోతాదు ఎక్కువ పడిన మడుల్లో పోయిన జాతులు ఇరవయ్యేళ్లు దాటినా సరిగ్గా తిరిగి రాలేదని. పాడైపోయిందని ఆ మడుల్ని వదిలేసి ఉంటే ఆ సంగతి ఎవరికి తెలిసేది?

తాడు అక్కడే కట్టాను. నోటుబుక్కులో రాశాను: మూడో మడి. సరుగుడు, 2 మొక్కలు, మోకాలెత్తు. బాలబంద తీగ, ఒక్క కొస, మూడు ఆకులు.