ఎర్రగుడి స్టేజీలో దిగి

మా నాయన గుత్తి డిపోలో కండక్టరు. రాత్రి డ్యూటీ దిగి వచ్చి లెక్క సరిచూసుకుంటూ స్టేజీల పేర్లు పైకి చదివేవాడు. ఎర్రగుడి, జొన్నగిరి, పగిడిరాయి, తుగ్గలి, పత్తికొండ. ఎక్కాలకంటే ముందు నాకు ఆ పేర్లే నోటికి వచ్చాయి. ఊర్లు మాత్రం చూడలేదు. చదువు, పెళ్లి, అనంతపురంలో ల్యాబ్ ఉద్యోగం. వారమంతా ట్యూబులైటు కింద నిలబడి చేసే పని నాది. నాయన పోయాక ఆ పేర్లు గుర్తొచ్చినప్పుడల్లా గుండె పట్టేసినట్టుండేది. ఒక ఆదివారం మా వదినను వెంటబెట్టుకుని ఎర్రగుడికి బయలుదేరాను. అప్పటినుంచి నెలకు రెండు ఆదివారాలైనా బస్సెక్కుతున్నాం, ఎక్కడో దిగుతున్నాం, నడుస్తున్నాం.

బండి లేదా అని అడుగుతారు. ఉంది. కానీ బండి పెట్టిన చోటికే మళ్లీ రావాలి కదా. ఎంత దూరం పోయినా మనసు సగం వెనకే ఉంటుంది. బస్సులో పోతే ఒక ఊర్లో దిగి, పొలాల మీదుగా నడిచి, ఇంకో ఊర్లో ఎక్కొచ్చు. పల్లెవెలుగు అయితే మరీ మేలు, చెయ్యెత్తిన చోట ఆపుతారు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగులో, ఎక్స్‌ప్రెస్‌లో టికెట్ డబ్బులు కూడా లేవు. ఆధార్ చూపిస్తే సున్నా టికెట్ కొట్టిస్తారు. మా వదిన పెళ్లయిన ఇరవై ఏళ్లలో తనకోసమని ఎక్కిన మొదటి బస్సు అదే. ఆ టికెట్ ఇంకా పర్సులో పెట్టుకుంది.

చీకటితోనే అనంతపురంలో ఎక్కాం. గుత్తి యాభై కిలోమీటర్ల పైచిలుకు. స్టాండు బయట ఉగ్గాని, మిరపకాయ బజ్జి తిన్నాం. గుత్తిలో దిగి ఉగ్గాని తినకుండా ముందుకు పోవడం నాకు చేతకాదు. తర్వాత పత్తికొండ బస్సు. కండక్టరు కుర్రాడు.

"యాడ దిగల్లక్కా?"

"ఎర్రగుడి దగ్గర, అశోకుడి శాసనాల కాడ."

"ఆడ బండలు తప్ప ఏముందక్కా?"

"ఆ బండల కోసమే నాయనా."

దిగేముందు తిరుగు బస్సులు ఎన్నిగంటలకో అతన్నే అడిగి రాసుకున్నాను. ఇది మా నాయన చెప్పిన మాట: స్టాండులో గోడ మీది బోర్డు చూడొద్దు, ఆ రూటులో తిరిగేవాణ్ని అడుగు. ఆదివారం ఏ ట్రిప్పు ఉండదో అతనికే తెలుసు.

గుత్తి నుంచి ఎర్రగుడి పదమూడు కిలోమీటర్లు ఉంటుంది. ఆ గుట్టను ఏనకొండ అంటారు, ఏనుగు కొండ అని. ఒకదాని మీద ఒకటి ఒరిగిన పెద్ద పెద్ద గుండ్లు. వాటి మీద క్రీస్తుపూర్వం మూడో శతాబ్దిలో అశోకుడు చెక్కించిన మాటలు. 1929లో అనూ ఘోష్ అనే భూగర్భ శాస్త్రవేత్త కంటపడేదాకా అవి ఏమిటో బయటి లోకానికి తెలియదు. అంతకుముందు రెండువేల ఏళ్లు గొర్రెలు కాసేవాళ్లు ఆ గుండ్ల నీడనే సద్ది తిని ఉంటారు.

అక్షరాలు బ్రాహ్మీ, భాష ప్రాకృతం. మనం చదవలేం. అయినా వంగి, పొద్దు పక్కనుంచి పడేటప్పుడు చూడాలి. నడినెత్తిన ఎండ ఉంటే గీతలు కనబడవు, ఉదయం ఎనిమిదిలోపు ఒక్కో అక్షరం నీడతో పైకి లేస్తుంది. చిన్న శాసనంలో ఒక విచిత్రముంది. కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి పోతే, కొన్ని కుడి నుంచి ఎడమకు వస్తాయి. మడక దున్నే ఎద్దులు సాలు చివర తిరిగి వచ్చినట్టు. రాజుగారి మాటను రజ్జుకుడనే అధికారి భేరి కొట్టించి పల్లె జనానికి చెప్పాలని అందులోనే ఉంది. మా ఊర్లో దండోరా విన్నదాన్ని కాబట్టి ఆ సంగతి చదివినప్పుడు ఒళ్లు జలదరించింది. తల్లిదండ్రుల మాట వినండి, ప్రాణుల మీద దయ ఉంచండి, నిజం చెప్పండి అని ఏనుగులు నడిపేవాళ్లకు, లేఖకులకు కూడా చెప్పమన్నాడు.

ఇక్కడే పద్నాలుగు పెద్ద శాసనాలూ ఉన్నాయి. వాటిలో రెండోది నన్ను వదలదు. మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేయించాననీ, మందు మొక్కలు లేనిచోట తెప్పించి నాటించాననీ, దారుల వెంట బావులు తవ్వించి చెట్లు పెట్టించాననీ అందులో ఉంటుంది. ఇంట్లో కూర్చుని చదివినప్పుడు అది చరిత్ర పాఠం. ఆ రోజు గుట్ట దిగి నడవడం మొదలుపెట్టాక వేరుగా తగిలింది.

మార్చి నెల. శెనక్కాయ పీకేసిన ఎర్రచేలు, అక్కడక్కడ కందికట్టెలు, గట్ల మీద కంపచెట్లు. పది దాటేసరికి నేల మీంచి సెగ. చెరి ఒక లీటరు నీళ్లు తెచ్చుకున్నాం, అయిపోయాయి. కంపచెట్టు నీడ ఇవ్వదు, ముళ్లిస్తుంది. ఆ రోడ్డుకు ఇరుపక్కలా చింతచెట్లుండేవనీ, ఏప్రిల్లో కూడా బస్సు కిటికీలు తెరిచే ఉంచేవాళ్లమనీ నాయన చెప్పిన గుర్తు. ఒకచోట నరికిన మొద్దు కనబడింది, నడుమంత లావు. వదిన దాని మీద కూర్చుంది. మొహం ఎర్రబడి ఉంది, నాకు భయమేసింది.

దూరంగా రేకుల కొట్టం ఉంటే పోయి పిలిచాం. ఒక పెద్దామె బయటికొచ్చింది. ఎవరు, ఏ ఊరు అని అడగలేదు, ముందు చెంబెడు మజ్జిగ ఇచ్చింది. ఉప్పేసి, ఉల్లిగడ్డ తరిగి. మేం తాగుతుంటే అప్పుడు అడిగింది: "రాళ్ల కోసం వచ్చినారా?"

అంటే వజ్రాలు. తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి, పగిడిరాయి చేలల్లోకి ఎక్కడెక్కడి జనమో వచ్చి నేలకేసి చూస్తూ తిరుగుతారు. వాన పైమట్టిని కడిగేస్తే రాయి మెరుస్తుందని ఆశ. "కాదవ్వా, రాతల కోసం వచ్చినాం" అన్నాను. "రాతలా," అంది ఆమె. "మా మామ ఆ గుండ్ల కింద మేకలు తోలుకునేవాడు. ఎండకి అంత మంచి నీడ యాడా లేదని చెప్తాండె."

ఆమె మాట విన్నాక మేం ఎండ వాలేదాకా ఆ కొట్టం వసారాలోనే ఉన్నాం. తెచ్చుకున్న జొన్నరొట్టెలు, ఊరిమిండి ముగ్గురం పంచుకున్నాం. డబ్బులిస్తే తీసుకోదని వదిన తన సంచిలోని బెల్లం అచ్చు అక్కడ పెట్టి వచ్చింది. మూడు గంటలకు కాలిబాట పట్టి రోడ్డెక్కి, చెయ్యెత్తి, వచ్చిన బస్సెక్కాం. పొద్దున్నటి కుర్రాడే. "దొరికినాయా అక్కా బండలు?" అని నవ్వాడు. వచ్చే ఆదివారం తనూ దిగి చూడమన్నాను. డ్యూటీ ఉంటుందన్నాడు, మా నాయన లాగే.

ఇప్పుడు మాకు కొన్ని నియమాలు కుదిరాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా దూరపు నడకలు, తర్వాత గుడులు, నీళ్లు ఉన్నచోట్లే. మనిషికి రెండు లీటర్లు. చివరి బస్సుకు కాదు, దానికి ముందు బస్సుకు రోడ్డు మీద ఉండాలి. బనగానపల్లె నుంచి యాగంటి, జమ్మలమడుగు నుంచి గండికోట, కర్నూలు–నంద్యాల రోడ్డు మీద ఓర్వకల్లు రాతివనం, అన్నీ ఇలాగే చేశాం. గండికోట గురించి విడిగా రాయాలి, పెన్న లోయ అంచున కూర్చున్న ఆ గంట ఇక్కడ ఇమడదు.

ఈసారి పత్తికొండ. 1827 జూలైలో అప్పటి మద్రాసు గవర్నరు థామస్ మన్రో కలరాతో చనిపోయింది అక్కడే. ముందు గుత్తిలో పాతిపెట్టి, తర్వాత మద్రాసుకు తీసుకుపోయారు. ఆయన జ్ఞాపకంగా పత్తికొండలో సర్కారువాళ్లు ఒక బావి కట్టించి, తోపు నాటించారు. మళ్లీ బావి, మళ్లీ చెట్లు. ఆ తోపులో ఇప్పుడు ఎన్ని నిలిచి ఉన్నాయో లెక్కపెట్టి వస్తాం. వదిన అప్పుడే రొట్టెలకు జొన్నలు పట్టించింది.