అది నరం కాదు

మా ఇంట్లో కాలికి ఏ బాధ వచ్చినా ఒకటే పేరు: నరాలు. కాలు లాగితే నరాలు, తిమ్మిరెక్కితే నరాలు, రాత్రి పిక్క పట్టేస్తే నరాలు. రెండో కాన్పు తర్వాత నా ఎడమ పిక్క మీద నీలంగా, మెలికలు తిరిగిన తాడులా ఒకటి పైకి తేలితే దానికీ అదే పేరు పెట్టాం. నరాల బలహీనత అని ఎవరో అంటే బి విటమిన్ బిళ్లలు కొన్ని నెలలు మింగాను. గుణం కనిపించిందా అంటే ఏం చెప్పను, అప్పట్లో అసలు నొప్పే లేదు కదా.

నేను టీచర్ని. రోజుకు ఆరు పీరియడ్లు, అన్నీ నిలబడే. సాయంత్రానికి కాళ్లు బరువెక్కి ఈడ్చుకుంటూ నడిచేదాన్ని. సాక్సు విప్పితే దాని అంచు దగ్గర గాడి పడి ఉండేది. పడుకుని లేస్తే వాపు ఉండేది కాదు. పొద్దున్నే మాయమయ్యేదాన్ని జబ్బని ఎలా అనుకుంటాం? పైగా మా అమ్మ కాళ్లూ ఇలాగే ఉండేవి. ఆవిడ చీలమండలు నల్లబడితే వయసు అనుకున్నాం.

అలా 11 ఏళ్లు గడిచాయి.

తర్వాత దురద మొదలైంది. ఎడమ చీలమండకు లోపలివైపు, కాస్త పైన, చర్మం తుప్పురంగుకి తిరిగింది. తామర అనుకుని మందుల షాపులో ఆయింట్‌మెంట్ తెచ్చి రాశాను. రాస్తే తగ్గేది, మానేస్తే మళ్లీ వచ్చేది. నొక్కి చూస్తే కింద చెక్కలా గట్టిగా తగిలేది. ఒకరోజు క్లాసులో బెంచీ కాలు తగిలి అక్కడే చిన్నగా గీరుకుంది. వారంలో మానాల్సిన గీత పుండయింది. రూపాయి బిళ్లంతది అరచేతిలో సగమయింది. చూసినవాళ్లందరూ ముందు అడిగేది షుగర్ ఉందా అనే. లేదని రిపోర్టు చూపిస్తే, అయితే భయం లేదన్నారు. నేనూ నమ్మాను.

ఐదు నెలలు డ్రెస్సింగులు చేయించుకున్నాను. రెండు మూడు రకాల యాంటీబయాటిక్స్ వాడాను. మధ్యాహ్నానికి కట్టు తడిసిపోయేది. వాసన వస్తుందేమోనని స్టాఫ్ రూములో కిటికీ పక్క కుర్చీ నాదే అన్నట్టు పట్టుకు కూర్చునేదాన్ని. పుండు బాధ కన్నా అదే ఎక్కువ బాధ. అందరూ పుండుకే మందు వేశారు. దానికి నాలుగు వేళ్ల పైన ఉబ్బి ఉన్న తాడు సంగతి ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు. అది నరాల సంగతి, ఇది చర్మం సంగతి అన్నట్టుగా ఉండేది నా లెక్క.

సరైన డాక్టర్ దగ్గరికి నన్ను పంపింది రక్తం. వేడినీళ్లతో స్నానం చేసి, పుండుకి కట్టిన కవరు విప్పి కాలు తుడుచుకుంటుంటే, పాదం పక్కనున్న చిన్న నీలం బుడిపె చిట్లింది. నొప్పి లేదు. నేల ఎర్రబడ్డాక గానీ నాకు తెలియలేదు, అప్పటికే సన్నగా చిమ్ముతోంది. కంగారులో కుర్చీలో కూర్చుని, మోకాలి కింద తువ్వాలుతో బిగించి కట్టాను. ఇంకా ఎక్కువైంది. మా అమ్మాయి అంబులెన్సుకి ఫోన్ చేసింది. ఫోన్‌లో ఆవిడ అన్నది మూడు ముక్కలు: ఆ కట్టు తీసెయ్యండి, పడుకోబెట్టి కాలు పైకెత్తండి, కారుతున్న చోటే గుడ్డతో నొక్కిపట్టండి. పడుకుని మడమ గోడకు ఆనించానో లేదో, కుళాయి కట్టేసినట్టు ఆగింది. నేను పైన కట్టిన కట్టు, గుండెకు తిరిగి వెళ్లాల్సిన రక్తాన్ని కిందే ఆపేసిందని తర్వాత అర్థమైంది.

రక్తనాళాల సర్జన్ నన్ను నిలబెట్టే, రక్తం ఎటు పారుతోందో చూపించే డాప్లర్ స్కాన్ చేశారు. పడుకుంటే అసలు సంగతి సరిగా కనపడదట. పిక్కను ఒకసారి పిండి వదిలారు. తెర మీద రంగు పైకి వెళ్లి, మళ్లీ కిందికి జారింది. "అర సెకనులోపు ఆగాలి. మీది నాలుగు సెకన్లయినా ఆగట్లేదు," అన్నారు.

"రెండో కాన్పు నుంచీ నరాల బలహీనతండీ," అన్నాను.

ఆయన నవ్వారు. "ఇవి నరాలు కావమ్మా, సిరలు. నరం కబురు మోస్తుంది, సిర రక్తం మోస్తుంది."

కాలి సిరల్లో పైకి మాత్రమే తెరుచుకునే కవాటాలుంటాయి. నడిచినప్పుడల్లా పిక్క కండ రక్తాన్ని పైకి తోస్తుంది, కవాటాలు దాన్ని జారకుండా పడతాయి. కదలకుండా నిలబడితే చీలమండ దగ్గర సిరల్లో ఒత్తిడి, బీపీ కొలిచే లెక్కలోనే, 80, 90 దాకా ఉంటుంది. మంచి కాలిలో కాసేపు నడిస్తే అది 30 లోపుకి పడిపోవాలి. నా కాలిలో పడట్లేదు. ఏళ్ల తరబడి ఆ ఒత్తిడికి ఎర్రకణాలు చర్మంలోకి ఊరి, వాటిలోని ఇనుము అక్కడే మిగిలింది. నేను తుప్పురంగు అనుకున్నది నిజంగా ఒకరకం తుప్పేనన్నమాట. నా తామర, చెక్కలాంటి చర్మం, మానని పుండు, ఆ రక్తం, అన్నీ ఒకే కథలో ఒకదాని తర్వాత ఒకటి.

ఉబ్బిన సిరలో రక్తం గడ్డకట్టే ప్రమాదమూ ఉందన్నారు. ఆ గడ్డ లోపలి పెద్ద సిరల్లోకి పాకి, ఊపిరితిత్తులకు చేరితే ప్రాణం మీదికొస్తుంది. లోపలి సిరలు శుభ్రంగా ఉన్నాయని చెప్పేదాకా ఆ స్కాన్ గదిలో నాకున్న టెన్షన్ నాకే తెలుసు.

ముందు చేతి బీపీ, కాలి బీపీ రెండూ కొలిచారు. ధమనుల్లో అడ్డంకి ఉన్న కాలికి బిగుతు కట్టు కడితే ఉన్న రక్తప్రసరణ కూడా పోతుంది. నాకు ఆ ఇబ్బంది లేదు కాబట్టి వేళ్ల మొదలు నుంచి మోకాలి దాకా నాలుగు పొరల కట్టు కట్టారు. ఐదు నెలల్లో ఏ మందూ చేయని పని రెండు వారాల్లో ఆ కట్టు చేసింది: పుండు అంచులు లోపలికి జరగడం మొదలుపెట్టాయి.

తర్వాత లేజర్. సిరను మూసేస్తే రక్తం ఎటు పోతుందని అడిగాను. కాలి రక్తంలో దాదాపు 90 శాతం ఎలాగూ లోపలి సిరల్లోనే వెళ్తుందట. మోకాలి దగ్గర సూదిగుండా సన్నటి తీగ గజ్జ దాకా పంపి, వేడితో సిరను లోపల్నుంచే మూసేస్తూ వెనక్కి లాగారు. మత్తు సూదులు వరసగా పొడిచినప్పుడే బాధ, మిగతాదంతా ఏదో కాలుతున్న వాసన. గంటలో నడుచుకుంటూ బయటికొచ్చాను. రోజూ నడవమన్నారు, మంచం పట్టొద్దన్నారు. తొడ లోపల తీగ లాగిపట్టినట్టు రెండు వారాలు బిగుతుగా ఉంది.

పుండు పూర్తిగా మూసుకోవడానికి తొమ్మిది వారాలు పట్టింది. మచ్చ పోలేదు, పూర్తిగా పోదనే చెప్పారు. రోజూ మంచం దిగకముందే కాలిని బిగించి పట్టే స్టాకింగ్ వేసుకుంటాను. రబ్బరు గ్లౌజులు తొడుక్కుంటే సులువుగా ఎక్కుతుంది, ఇది ఒక నర్సు చెప్పిన కిటుకు. క్లాసులో ఇప్పుడు బెంచీల మధ్య తిరుగుతూ పాఠం చెబుతున్నాను. పిల్లలు దీనికి సంతోషంగా లేరు, వెనక బెంచీ వాళ్లు మరీ.

అమ్మని కూడా స్కాన్‌కి తీసుకెళ్లాను. రెండు కాళ్లలోనూ రక్తం వెనక్కి జారుతోంది. "నాకేం నొప్పి లేదే," అంది.