నాలుగు చీరలు, 215 డాలర్ల బిల్లు

మా పాప ఓణీల ఫంక్షన్‌కని 2025లో అమ్మ గుంటూరు నుంచి నాలుగు మంగళగిరి చీరలు పంపింది. అవి డాలస్‌లో మా ఇంటికి చేరేసరికి ఇరవై మూడు రోజులు పట్టింది, 215 డాలర్లు వదిలాయి. ఆ మంట ఇంకా తగ్గలేదు.

2016 నుంచి 800 డాలర్ల లోపు పార్సిల్‌కి ఇక్కడ సుంకం ఉండేది కాదు. ఏటా దసరాకి అమ్మ పంపేది, నేను ఒక్క సెంటు కట్టలేదు. 2025 ఆగస్టు 29న ఆ మినహాయింపు ఎత్తేశారు. దానికి రెండు రోజుల ముందే మన దేశపు సరుకు మీద అదనపు సుంకం 50 శాతమైంది. మన దేశపు తపాలా శాఖ అప్పట్లో అమెరికా పార్సిళ్లు ఆపేసి ఉంది కాబట్టి ప్రైవేటు కొరియరే దిక్కైంది.

బుకింగ్, పికప్, విమానం అన్నీ ఐదు రోజుల్లో అయిపోయాయి. ఆరో రోజు మెయిల్ వచ్చింది: పార్సిల్ కస్టమ్స్ క్లియరెన్స్‌లో ఆగింది, వివరాలు ఇవ్వకపోతే ధ్వంసం చేస్తాం అని. అమ్మ చీరల్ని ధ్వంసం చేస్తారట!

ఆఫీసులో లంచ్ మానేసి కొరియర్ కంపెనీకి ఫోన్ చేశాను. నలభై నిమిషాలు ఆగాక ఒకమ్మాయి పలికింది. నేసిందా, అల్లిందా? నూలెంత శాతం, పట్టెంత శాతం? తయారీదారు పేరు, చిరునామా? చేనేత అండీ, మగ్గం మీద ఒక మనిషి నేస్తాడు అంటే, ఆ మనిషి పేరు చెప్పండి అంది. చివరికి, "నాలుగూ ఒకే రకంలా ఉన్నాయి, అమ్మడానికా?" అని అడిగింది. పక్క టేబుల్ వాళ్లు వింటున్నారు. మనవరాలికి అమ్మమ్మ పెట్టే చీరలవి అని చెబుతుంటే నా గొంతు వణికింది. నా జన్మలో ఎవరూ నన్ను దొంగసరుకు మనిషిలా అడగలేదు.

పార్సిల్ మీద కొరియర్ ఏజెంటు రాసింది 'బట్టలు' అని ఒక్క ముక్క. తప్పంతా అక్కడే మొదలైంది. డబ్బు తీసుకునేటప్పుడు మాత్రం "అంతా మేం చూసుకుంటాం మేడం" అన్నాడు.

డెబ్బై రెండేళ్ల అమ్మ ఎండలో ఆటో ఎక్కి మంగళగిరి వెళ్లి కొట్టువాళ్ల దగ్గర బిల్లు, నేతగాడి చిరునామా రాయించుకొచ్చింది. పట్టెంతో కొట్టువాళ్లూ తేల్చలేదు. అదే రకం చీర తనకొకటి ఉంచుకుంది కదా, వీడియో కాల్‌లో దాని కొంగు చివర కుచ్చుల నుంచి ఒక పోగు, కుచ్చుల పైన నేతలోంచి అడ్డంగా ఇంకో పోగు లాగి దీపానికి పెట్టింది. నిలువు పోగు ఉండకట్టి నల్లబడింది. "జుట్టు కాలిన వాసన వస్తోందే, పడుగు పట్టు" అంది. అడ్డపోగు కాగితంలా భగ్గున కాలి బూడిదైంది. "పేక నూలు, రాసుకో." నేను రాసుకుని పంపాను. మూడో రోజుకు క్లియర్ చేశారు.

తర్వాత బిల్లు. చీరల ధర 26,400 రూపాయలు, అంటే 300 డాలర్లు. అప్పటి 50 శాతం అదనపు సుంకం 150, మామూలు సుంకం 24, కొరియర్ వాళ్ల రుసుములు 41. నా తరఫున ముందుగా సుంకం కట్టినందుకట ఆ 41లో ఎక్కువ భాగం! దీనికి విడివిడిగా లెక్క అడగండి, అడక్కపోతే చెప్పరు.

సుంకం అవతలి దేశం కడుతుందని టీవీలో చెప్పేవాళ్లకు ఆ కాగితం చూపించాలనుంది. దిగుమతిదారు అన్న గడిలో నా పేరుంది. మా ఇండియన్ స్టోర్‌కి సరుకు తెచ్చే వ్యాపారీ అంతే, కంటైనర్ విడిపించుకోవడానికి కట్టి, ఆ డబ్బు బియ్యం బస్తా మీద వేస్తాడు. అతను నెమ్మదిగా వేస్తాడు కాబట్టి మనకు బిల్లులో కనబడదు. నాకు మాత్రం ఒక్కసారే కనబడింది. ఆ నెల పాప కూచిపూడి ఫీజు మా ఆయన క్రెడిట్ కార్డు మీదికి వెళ్లింది.

పంపేవాళ్లు ఏజెంటుని నమ్మకండి. పడుగు ఏమిటి, పేక ఏమిటి, ఎవరు నేశారు, ఎంతకు కొన్నారు అన్నవి మీరే రాయించండి. మనిషి మనిషికి పంపే బహుమతికి 100 డాలర్ల వరకు సుంకం లేదు, కానీ ఆ గీత దాటితే మొత్తం ధర మీద పడుతుంది. మీరే డబ్బు కట్టి కొట్టు నుంచి తెప్పించుకునేది బహుమతి కిందికి రాదు.

జనవరిలో మా ఆయన ఊరెళ్తున్నారు. తిరిగొచ్చే ఇక్కడి నివాసులకు వెంట తెచ్చుకునే సామానుపై 800 డాలర్ల మినహాయింపు ఇంకా ఉంది. అమ్మ అప్పుడే ఇంకో రెండు చీరలు పక్కన పెట్టించిందట, ఈసారి బిల్లుతో సహా.