పడిపోయారని రాసిన ఆ ఒక్క లైను

మా అత్తయ్యని కారు గుద్దింది. రోడ్డు దాటడానికి గీతలు గీసిన చోటే, నడిచేవాళ్లకి పచ్చ లైటు వెలుగుతుండగానే, పక్క రోడ్డులోంచి మలుపు తిరిగిన కారు వచ్చి కుడి మోకాలి కింద కొట్టింది. ఆస్పత్రిలో డ్యూటీ డాక్టరు "ఏమైందమ్మా?" అని అడిగితే ఆ నొప్పిలో ఆమె నోటి నుంచి వచ్చింది ఒకటే మాట, "రోడ్డు మీద పడిపోయాను బాబూ" అని. ఆయన అదే రాసుకున్నాడు. ఏడాది తర్వాత ఇన్సూరెన్స్ కంపెనీ తరఫు లాయరు ఆ కాగితం పట్టుకుని ఆ లైనే చదివాడు. మొదటి రికార్డులో కారు అన్న మాటే లేదు, ఆవిడ తనంతట తనే పడ్డారు అని వాదన.

ఆ రోజు ఆమె పక్కన ఉన్నది నేనే. డాక్టరు ఏం రాస్తున్నాడో చూడాలన్న ఆలోచన కూడా రాలేదు, ఎక్స్‌రే ఎక్కడ తీస్తారు, డబ్బు ఎక్కడ కట్టాలి, బాబాయికి ఎలా చెప్పాలి, ఇదే టెన్షన్. అందుకే ఇది రాస్తున్నాను. యాక్సిడెంట్ అయితే ఎంత దెబ్బ తగిలితే అంత నష్టపరిహారం వస్తుందని నేనూ అనుకునేదాన్ని. అలా జరగదు. ఆ దెబ్బ మనిషి బతుకులోంచి ఏం లాక్కుపోయిందో, దాన్ని కాగితం మీద ఎంత చూపించగలిగామో, దాన్ని బట్టే అంకె తేలుతుంది.

మమ్మల్ని ఒడ్డున పడేసింది అంబులెన్స్ వాళ్ల షీటు. అందులో టైము, చోటు, "కారు ఢీకొని కుడి కాలికి గాయం" అన్న నాలుగు ముక్కలు ఉన్నాయి, అదీ ఆస్పత్రి రికార్డు కన్నా ఇరవై నిమిషాల ముందు రాసినవి. కాబట్టి మీవాళ్లెవరికైనా ఇలా జరిగితే రికార్డులో ఎలా జరిగిందని రాశారో చదవండి. తప్పుంటే అప్పుడే చెప్పి సరిచేయించండి, నెల తర్వాత అడిగితే కేసు కోసం మార్పించారంటారు. పోలీసు ఫిర్యాదులోనూ అదే వివరం ఉండాలి, రెండు చోట్లా రెండు రకాలుగా ఉంటే అవతలివాళ్లకి అంతకన్నా కావల్సింది లేదు. సీసీ కెమెరా ఫుటేజీ గురించి కూడా చెప్పాలి. మేం తొమ్మిదో రోజున వెళ్లాం. అప్పటికే దాని మీద కొత్త రికార్డింగు పడిపోయింది. చాలా కెమెరాలు కొన్ని రోజులకో కొన్ని వారాలకో పాతది తుడిచేసుకుంటాయి, మనం తేరుకునేదాకా ఆగవు.

ఇక తప్పు ఎవరిది అన్న సంగతి. ఇది అవునూ కాదూ అని తేలే ప్రశ్న కాదు, శాతాల్లో తేలుతుంది. నడిచేవాళ్ల తప్పు 20 శాతం అని కోర్టు అనుకుంటే వచ్చేదాంట్లో ఐదో వంతు కోత. సిగ్నల్ ఏ రంగులో ఉంది, వెలుతురు ఎంత ఉంది, బండి ఎంత స్పీడులో వచ్చింది, బ్రేకు వేసిన గుర్తులు రోడ్డు మీద ఎక్కడ మొదలయ్యాయి, ఫోన్ ఎవరి చేతిలో ఉంది, అన్నీ అందులోకే వస్తాయి. ఆ శాతం ఎంత అటూ ఇటూ మారుతుందో తెలియాలంటే స్కాట్లాండ్‌లో జరిగిన ఒక కేసు చూడాలి. 2004లో ఒక శీతాకాలపు సాయంత్రం స్కూలు బస్సు దిగిన 13 ఏళ్ల పాప బస్సు వెనక నుంచి రోడ్డు మీదికి వచ్చింది, కారు ఢీకొంది. బస్సు ఆగి ఉందని తెలిసీ డ్రైవరు స్పీడు తగ్గించలేదు. మొదటి జడ్జి పాప తప్పు 90 శాతం అన్నాడు. అప్పీలులో 70 అన్నారు. 2015లో బ్రిటన్ సుప్రీంకోర్టు 50 అంది, అదీ ముగ్గురు ఒకవైపు, ఇద్దరు ఒకవైపు. అదే రోడ్డు, అదే పాప, అవే సాక్ష్యాలు. వందలో పది రావాల్సిన చోట యాభై వచ్చాయి. ఇన్సూరెన్స్ వాళ్లు ఫోన్‌లో "మీ తప్పు కూడా ఉంది కదండీ" అని ఒక శాతం చెబితే అదేదో కొలిచి చెప్పిన లెక్క అనుకోకండి, అది బేరంలో మొదటి మాట.

దేశాన్ని బట్టి కూడా ఇది చాలా మారుతుంది. అమెరికాలో అలబామా, మేరీలాండ్, నార్త్ కరోలినా, వర్జీనియా రాష్ట్రాల్లో నడిచే మనిషి తప్పు కొంచెం ఉందని తేలినా మామూలుగా పైసా రాదు. వాషింగ్టన్ డీసీలోనూ అంతే ఉండేది, 2016లో తెచ్చిన చట్టంతో నడిచేవాళ్లకీ సైకిలు తొక్కేవాళ్లకీ ఆ రూలు సడలించారు. ఫ్రాన్స్‌లో 1985 చట్టం దీనికి పూర్తిగా ఎదురు. అక్కడ 16 ఏళ్లలోపు పిల్లలు, 70 దాటిన పెద్దలు అయితే, కావాలని వచ్చి బండి కింద పడితే తప్ప, ఒంటికి తగిలిన దెబ్బల విషయంలో వాళ్ల తప్పు లెక్కలోకే తీసుకోరు. టన్ను బరువున్న బండికీ, ఒట్టి ఒంటితో నడిచే మనిషికీ ఒకే కొలత పెట్టకూడదన్నది దాని వెనక ఉన్న ఆలోచన. నాకు న్యాయం అనిపించేది అదే.

అత్తయ్య టైలరు. ఆమెకి టిబియా, అంటే మోకాలి కింద ఉండే పెద్ద ఎముక, కీలు దాకా విరిగింది, నిలబడ్డ మనిషిని బంపరు గుద్దితే సరిగ్గా అక్కడే తగులుతుంది. ప్లేటు, స్క్రూలు వేశారు. డాక్టర్లు ఇచ్చిన సర్టిఫికెట్‌లో కాలికి 20 శాతం వైకల్యం అని ఉంది. చూసినవాళ్లు పర్లేదు, ఇరవైయే కదా అన్నారు. నేను ఆమె మిషన్ దగ్గర కూర్చుని చూశాను. మడమ ఆనించి పాదాన్ని ముందుకీ వెనక్కీ ఆడిస్తూనే ఉండాలి. పది నిమిషాలకి మోకాలి కింద మంట మొదలవుతుంది, కాలు చాపుతుంది, లేచి గోడ పట్టుకుని నిలబడుతుంది, మళ్లీ కూర్చుంటుంది. అప్పట్లో ఒక్క పూటలో కుట్టేసే జాకెట్టు ఇప్పుడు రెండు రోజులు పడుతోంది. ఇది ఆమెకి ఇరవై శాతం ఎలా అవుతుంది?

ఇదే మాట భారత సుప్రీంకోర్టు 2010లో రాజ్ కుమార్ కేసులో చాలా స్పష్టంగా చెప్పింది. ఎడమ చెయ్యి పోయిన మనిషి డ్రైవరో వడ్రంగో అయితే సంపాదించే శక్తి దాదాపు మొత్తం పోయినట్టే, అదే ప్రభుత్వ ఆఫీసులో క్లర్కు అయితే ఉద్యోగం నిలబడొచ్చు, కాబట్టి డాక్టరు రాసిన శాతాన్ని యథాతథంగా ఆదాయ నష్టం శాతం కింద తీసుకోకూడదు అని. అయితే ఆదాయం ఎంతో చూపించాలి కదా. అత్తయ్యకి జీతం స్లిప్పు లేదు, బ్యాంకులో వేసిందీ తక్కువే. ఉన్నది కొలతల పుస్తకం. పేజీకి ఒకరు, పేరు, భుజం, నడుము, చేతులు, తేదీ, కింద మూలన ఎంత తీసుకుందో. అలాంటివి మూడు పుస్తకాలు, అంచులు నలిగిపోయి, కొన్ని పేజీలకి గుండుసూదులు ఇంకా గుచ్చే ఉన్నాయి. లాయరు గారు వాటిని చూసి, అమ్మా ఇంతకన్నా మంచి లెక్క ఎవరు రాస్తారమ్మా అన్నారు. సొంత పని చేసుకునే ఎవరి ఇంట్లోనైనా ఇలాంటి పుస్తకమో, ఫోన్‌లో ఆర్డర్ల మెసేజులో ఉంటాయి. వాటిని పారేయకండి.

జీతం లేకుండా ఇంటి పని చేసే ఆడవాళ్ల శ్రమకీ విలువ కట్టాల్సిందేనని 2021 జనవరిలో అదే కోర్టు గట్టిగా చెప్పింది. అలాగే మంచం మీదున్న మనిషికి స్నానం చేయించిన, బెడ్‌పాన్ తీసిన ఇంటివాళ్ల శ్రమ కూడా లెక్కలోకి వస్తుంది. మా చెల్లి మూడు నెలలు సెలవు పెట్టి చూసుకుంది. రోజూ ఏం చేసిందో ఒక నోటుబుక్కులో రెండు లైన్లు రాయమన్నారు, రాసింది. "రాత్రి రెండుసార్లు లేపింది, మెట్లు దిగలేక ఏడ్చింది" లాంటివి.

పాత జబ్బుల సంగతి చాలామందిని భయపెడుతుంది. అత్తయ్యకి అంతకుముందే మోకాళ్ల నొప్పులున్నాయి, అవతలివాళ్లు దాన్నే పట్టుకున్నారు. ఇంగ్లండ్ కోర్టులు 1901 నుంచే చెబుతున్న సూత్రం ఒకటుంది, చాలా దేశాలు దాన్ని పాటిస్తాయి: గుద్దినవాడు ఎదుటి మనిషి ఎలా ఉంటే అలాగే స్వీకరించాలి. ఎముకలు గుల్లగా ఉన్న ముసలామెను గుద్ది, గట్టి మనిషి అయితే ఇంత విరిగేది కాదు కదా అనడం చెల్లదు. కానీ ముందే ఉన్న నొప్పికి మాత్రం వాళ్లు డబ్బు ఇవ్వరు, పెరిగిన దానికే ఇస్తారు. అందుకని పాత రిపోర్టులు దాచకూడదు. రెండేళ్ల కిందటి ఎక్స్‌రే పక్కన కొత్తది పెడితే, ముందు కొంచెం అరుగుదలే ఉందనీ, ఆ విరిగిన గీత కారు పెట్టినదేననీ ఎవరికైనా కనబడింది. దాచి ఉంటే, తర్వాత బయటపడి మిగతా మాటలన్నీ కూడా అబద్ధమైపోయేవి.

ట్రీట్‌మెంట్‌లో ఖాళీలు కూడా దెబ్బ తీస్తాయి. మధ్యలో మూడు వారాలు ఫిజియోథెరపీకి వెళ్లలేదు, ఆటోలో కాలు మడవలేక. ఆ మూడు వారాల్ని "నయమైపోయారు" అని చూపించారు. ఎందుకు రాలేకపోతున్నామో ఫోన్ చేసి చెప్పి, అది వాళ్ల రికార్డులో రాయించి ఉంటే సరిపోయేది. మనసుకు తగిలిన దెబ్బా అంతే. ఆమె ఇప్పటికీ రోడ్డు దాటాలంటే నా చెయ్యి వేళ్లు నొప్పి పుట్టేలా పట్టుకుంటుంది, కానీ మేం దానికి డాక్టరు దగ్గరికి వెళ్లలేదు, కాగితం లేదు, దానికంటూ ఏమీ రాలేదు.

ఏడో వారంలో ఒక ఆఫర్ వచ్చింది. ఆమె అప్పటికి వాకరు మీదే ఉంది. ఆస్పత్రి బిల్లు పోగా కొంచెం మిగిలేంత. కాగితం చివర్లో ఇక ముందు ఏ క్లెయిమూ చేయము అని ఒక వాక్యం. అప్పులున్న ఇంట్లో అలాంటి కాగితం ఎంత ఊరిస్తుందో నాకు తెలుసు. ఎముక అతికిందో లేదో తెలియకుండా, మళ్లీ ఆపరేషన్ కావాలో వద్దో తెలియకుండా సంతకం పెడితే, తర్వాత వచ్చేదంతా మన మీదే పడుతుంది. అలాగని మరీ ఆలస్యమూ చేయకూడదు, గడువు దాటితే ఎంత న్యాయమైన కేసైనా కష్టం. ఇంగ్లండ్‌లో మామూలుగా మూడేళ్లు, కాలిఫోర్నియాలో రెండేళ్లు, భారతదేశంలో 2022 ఏప్రిల్ నుంచి చట్టంలో రాసిన గడువు ఆరు నెలలు. క్లెయిమ్ ముందు వేసేయాలి, సంతకం మాత్రం డాక్టరు ఇక ఇంతేనని చెప్పాకే పెట్టాలి. ఈ రెండింటినీ కలిపేసుకుని నష్టపోయినవాళ్లు చాలామంది.

గుద్దిన బండికి ఎంత ఇన్సూరెన్స్ ఉందన్నది మన చేతుల్లో లేని విషయం. కొన్ని చోట్ల పాలసీకి పరిమితి ఉంటుంది, నష్టం ఎంతున్నా అంతవరకే వాళ్ల నుంచి రావొచ్చు. బండి ఆగకుండా పోతే మరీ అన్యాయం. భారతదేశంలో అలాంటి కేసుల్లో ప్రత్యేక పథకం కింద చావుకి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు మాత్రమే. నంబరు ప్లేటులో నాలుగు అంకెలు ఎవరైనా చూశారా లేదా అన్నదాని మీద ఇంత తేడా ఉంటుంది, అందుకే అక్కడ నిలబడ్డవాళ్ల ఫోన్ నంబర్లు తీసుకోండి అని మళ్లీ మళ్లీ చెబుతున్నాను.

మా కేసులో అంబులెన్స్ షీటుతో పాటు ఆ రోజు అత్తయ్య తల కింద తన బ్యాగు పెట్టిన అమ్మాయి వచ్చి సాక్ష్యం చెప్పింది. ఆ "పడిపోయాను" మీద జడ్జి గారు అత్తయ్యనే అడిగారు, ఎందుకు అలా చెప్పారమ్మా అని. "కారు గుద్దితే పడిపోయాను కదండీ" అంది ఆమె. తప్పు మొత్తం డ్రైవరుదే అని తేల్చారు. ప్లేటు తీసే ఆపరేషన్ వచ్చే నెల. దాని ఖర్చు డాక్టరు చేత ముందే రాయించి క్లెయిమ్‌లో పెట్టాం కాబట్టి, ఈసారి ఎవరినీ అప్పు అడగక్కర్లేదు.