ఎర్ర పెన్ను లేని బల్ల

మా ఇంట్లో వాళ్ళకు నా ఉద్యోగం అర్థమయ్యేలా చెప్పడానికి ఆర్నెల్లు పట్టింది. ఒహాయోకి ఎమ్మెస్ చేయడానికి వచ్చిన కొత్తలో రూమ్మేట్లలో ఒకమ్మాయి డైనింగ్ హాల్లో చేరింది, ఇంకొకమ్మాయి లైబ్రరీ డెస్కులో. ఎఫ్-1 వీసా మీద వచ్చినవాళ్ళకు సెమిస్టర్ నడుస్తున్నప్పుడు వారానికి 20 గంటలే, అదీ క్యాంపస్‌లోనే. నాకు రైటింగ్ సెంటర్లో, అంటే విద్యార్థులు తాము రాసినవాటికి సాయం కోసం వచ్చే చోట, ట్యూటర్ పని దొరికింది. ఫోన్లో చెబితే అమ్మ, "వాళ్ళ ఇంగ్లీషు వాళ్ళకే నేర్పుతావా?" అంది. పదో తరగతి దాకా ఖమ్మం దగ్గర తెలుగు మీడియంలో చదివినదాన్ని. ఆ అనుమానం అమ్మకంటే నాకే ఎక్కువ ఉండేది.

పని చూడటానికి తేలికే. విద్యార్థి తను రాసింది పట్టుకొస్తాడు. ఎదురుగా కాదు, పక్కన కుర్చీ వేసుకుని కూర్చోవాలి. 50 నిమిషాల టైము. అతని చేతే పైకి చదివించాలి. అసలు ఏం చెప్పదలచుకున్నాడు, ఆ మాట ఏ పేరాలో ఉంది, దానికి ఆధారమేమిటి అని ముందు అడగాలి. కామాలూ స్పెల్లింగులూ ఆ తర్వాత. పెన్సిల్ మాత్రం అతని చేతిలోనే ఉండాలి, మనం దిద్దకూడదు.

ఈ చివరిది నాకు ఎంతకీ ఒంటబట్టలేదు. మా హైస్కూల్లో కాంపోజిషన్ పుస్తకం తిరిగొచ్చిందంటే పేజీ నిండా ఎర్ర గీతలు, కింద సారు సంతకం. ఆయన్ని అనడానికీ లేదు, క్లాసుకి 60 మందిమి. ఒక్కొక్కరి పక్కన కూర్చుంటే ఆ ఏడు సిలబస్ ఆ ఏటికి తెమిలేదా? కానీ దిద్దడమంటే చదువు చెప్పడమే అని నా బుర్రలో ఉండిపోయింది. మొదటి నెలంతా చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను, నిజంగానే.

రెండో నెలలో ఒక అమెరికన్ అబ్బాయి వచ్చాడు. నన్ను చూశాడు, నా బ్యాడ్జి మీది పేరు చూశాడు. "ఇంకెవరైనా ఖాళీగా ఉన్నారా?" అని మర్యాదగానే అడిగాడు. ఎవరూ లేరు. కూర్చుని చదివాడు. ఒకచోట వాక్యం కుంటుతోందని ఇద్దరికీ తెలిసింది. క్రియ అక్కడ ఎందుకు తప్పో, దాన్ని వ్యాకరణంలో ఏమంటారో నేను చెప్పగలను. అతనికి ఆ పేర్లేవీ తెలియవు, కానీ సరైన వాక్యం నోటికి దానంతటదే వచ్చేసింది. అతనికి చెవి ఉంది, నాకు సూత్రం ఉంది. ఆ రాత్రి ఇంటికెళ్ళి అన్నం తినలేదు.

ఇది నా ఒక్కదాని గొడవ కాదని తెలిసింది మార్చిలో. ఇక్కడ రైటింగ్ సెంటర్ల వాళ్ళకు ప్రాంతాలవారీగా సంఘాలున్నాయి. జాతీయ సంఘం 1983లో పుట్టింది, ఇప్పుడది అంతర్జాతీయ సంఘం. మా ప్రాంతం ఈస్ట్ సెంట్రల్: ఒహాయో, ఇండియానా, మిషిగన్, ఇంకా ఆ చుట్టుపక్కలవి. ఎమ్మెస్‌కి వచ్చిన మనవాళ్ళలో చాలామంది సైటేషన్లు ఎలా రాయాలో చూసుకోడానికి అర్ధరాత్రి తెరిచే పర్డ్యూ యూనివర్సిటీ వెబ్‌సైటు 'ఔల్' కూడా మా ప్రాంతంలోని ఇండియానాదే. 1976లో మ్యూరియల్ హ్యారిస్ అక్కడ మొదలుపెట్టిన రైటింగ్ ల్యాబ్ నుంచి వచ్చింది.

మా ప్రాంత సంఘం కాన్ఫరెన్సుకి అయిదుగురం వ్యాన్‌లో నాలుగు గంటలు వెళ్ళాం. కాన్ఫరెన్సంటే ప్రొఫెసర్లు మాట్లాడతారు, మనం చప్పట్లు కొడతాం అనుకున్నా. తీరా చూస్తే డిగ్రీ రెండో ఏడు పిల్లలు లేచి తమ దగ్గర సెషన్ ఎక్కడ బెడిసికొట్టిందో చెబుతున్నారు. డైరెక్టర్లు కింద కూర్చుని రాసుకుంటున్నారు. మన దగ్గర ఇలా జరగగా నేను చూడలేదు. అక్కడ పెట్టిన బేగల్ రొట్టె మాత్రం చల్లగా, చెప్పు అట్టలా ఉంది.

ఒక రౌండ్ టేబుల్లో చైనా నుంచి వచ్చిన ట్యూటర్ విద్యార్థితో తన మొదటి మాట ఏమిటో చెప్పింది: "ఈ భాష నేను పెద్దయ్యాక నేర్చుకున్నాను. నీ వాక్యం దగ్గర నేను ఆగిపోతే ఎందుకాగానో చెబుతాను, నువ్వు చూసుకో." నా మెడ మీది బరువు ఎవరో దించినట్టయింది. నా వంతు వచ్చినప్పుడు తెలుగులో క్రియ చివర వస్తుందనీ, 'ఎ', 'ది' లాంటివి మాకు లేనే లేవనీ చెప్పాను. నేను రాసేటప్పుడు సందర్భమంతా చెప్పి అసలు మాట చివరకు దాచుకుంటాననీ, ఇక్కడి ప్రొఫెసర్లు దాన్ని మొదటి పేరాలోనే అడుగుతారనీ చెప్పాను. మిషిగన్ నుంచి వచ్చిన ఒక పెద్దావిడ 'ది' గురించి అరగంట అడిగింది. ఎప్పుడు పెట్టాలో సూత్రం చెప్పబోయి ఆవిడే రెండుసార్లు తడబడింది.

మొన్న గుంటూరు నుంచి వచ్చిన జూనియర్ ఒకతను వచ్చాడు. కూర్చోగానే తెలుగులోకి దిగిపోయాడు. "అక్కా, నాలుగింటికి సబ్మిట్ చేయాలి. మీరే కాస్త సరిచేసి ఇచ్చేయండి. చాట్‌జీపీటీకి ఇస్తే ప్రొఫెసర్ పట్టేస్తాడు." చదవమన్నాను. గొణుక్కుంటూ మొదలుపెట్టాడు. పైకి చదవమన్నాను. రెండో పేజీలో ఒక వాక్యం ఊపిరి అందనంత పొడవు. సగంలో ఆగాడు, వెనక్కెళ్ళాడు, మళ్ళీ చదివాడు.

"ఆగండక్కా, ఇక్కడేదో తేడా కొడుతోంది," అని పెన్సిల్ తీసి ఆ వాక్యాన్ని మూడు ముక్కలు చేశాడు. నేనేం మాట్లాడలేదు.

"అది సరే గానీ, ఇక్కడ 'ది' పెట్టాలా వద్దా?"

గోడ గడియారం చూశాను. తర్వాతి అమ్మాయి అప్పటికే తలుపు దగ్గర నిలబడి ఉంది.

"దానికి ఇంకో అపాయింట్‌మెంట్ కావాలి తమ్ముడూ," అన్నాను.