నొప్పి లేదన్న మాట నమ్మి: నాన్న కాలి పుండుతో మా మూడు నెలలు

సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు హాల్లో గచ్చు మీద తడి మరకలు కనిపించాయి. నాన్న స్నానం చేసి వచ్చిన తడి అనుకుని అమ్మ తుడుస్తోంది. ఆ గుడ్డ దగ్గరికి తెస్తే వాసన. నాన్నను కుర్చీలో కూర్చోబెట్టి కుడి పాదం ఎత్తి చూశాను. బొటనవేలి మొదట్లో, అరికాలి వైపు, ఏళ్ల తరబడి ఉన్న ఆనెకాయ మధ్యలో చిన్న బెజ్జం. శనగగింజంత కూడా లేదు. పాదం పైభాగం మాత్రం ఎర్రగా ఉబ్బిపోయి ఉంది.

"నొప్పే లేదురా, అదే మానిపోతుంది" అన్నారు.

నాన్నకు 16 ఏళ్లుగా షుగరు. గుమ్మం బయట ఉన్న ఆయన చెప్పు తిరగేసి చూస్తే తుమ్మముల్లు అడుగు నుంచి లోపలికి దిగి ఉంది. ఎన్నాళ్లు దాని మీదే నడిచారో ఆయనకే తెలియదు. అప్పటికే ఊళ్ళో చూపించుకుంటే ఐదు రోజులకు మాత్రలిచ్చి, వేడినీళ్లలో ఉప్పేసి కాలు పెట్టమన్నారట. ఆ వేడి కూడా ఆయనకు తెలియలేదు. మడమ దగ్గర తోలు బొబ్బెక్కి ఊడిపోయింది. షుగరున్నవాళ్ల కాళ్లు దయచేసి వేడినీళ్లలో పెట్టించకండి.

మర్నాడే గుంటూరు తీసుకెళ్ళాను. సర్జన్ గారు ముందు పుండు జోలికే పోలేదు. పాదం మీద, చీలమండ వెనకాల నాడి పట్టి చూశారు. రక్తం బాగానే అందుతోందన్నారు. తర్వాత నాన్నను కళ్ళు మూసుకోమని, పది గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ పోగుతో పాదంలో ఒక్కో చోట తాకుతూ "తగిలిందా?" అని అడిగారు. పోగు వంగడం నాకు కనిపిస్తూనే ఉంది. నాన్న మాత్రం "ఇంకా మొదలుపెట్టలేదా అండీ?" అన్నారు. నాకు కళ్ళలో నీళ్లు తిరిగాయి. నొప్పి లేదని ఆయన చెప్పింది అబద్ధం కాదు. నొప్పిని చెప్పే నరాలే పోయాయి.

ఆ తర్వాత బ్లేడుతో ఆనెకాయను పొరలు పొరలుగా చెక్కారు. కింద నుంచి చీము. బయటికి శనగగింజంత ఉన్నది లోపల రూపాయి బిళ్ళంత. శుభ్రం చేసిన సన్నటి లోహపు పుల్లను గాయంలోకి దించితే గట్టిగా దేనికో తగిలి ఆగింది. "ఎముక" అన్నారు.

పుండు ఉన్నంత మాత్రాన ఇన్ఫెక్షన్ ఉన్నట్టు కాదని ఆయన చెప్పాకే నాకు తెలిసింది. వాపు, ఎరుపు, వేడి, నొప్పి, చీము, వీటిలో కనీసం రెండు ఉండాలట. ఎరుపు పుండు చుట్టూ 2 సెంటీమీటర్ల లోపు ఉండి, తోలు, దాని కింది పొర దాటకపోతే తేలికపాటిది. అంతకంటే పాకినా, కండ, ఎముక దాకా దిగినా మధ్యరకం. దానికి తోడు జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ దాటడం, నాడి 90 దాటడం, ఊపిరి వేగం పెరగడం, తెల్లకణాలు 12 వేలు దాటడం, ఇలాంటివి రెండు కలిస్తే తీవ్రం. నాన్నకు ఎరుపు 4 సెంటీమీటర్లు పాకింది, జ్వరం లేదు. మధ్యరకం, కానీ ఎముక దాకా పోయింది కాబట్టి వెంటనే అడ్మిట్ చేయాలన్నారు. నర్సు ఎరుపు అంచు వెంట పెన్నుతో గీత గీసింది.

ఎక్స్‌రే మామూలుగానే వచ్చింది. నాకు ప్రాణం లేచొచ్చింది గానీ, ఎముక చెడ్డా మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో కనపడకపోవచ్చని ఎంఆర్‌ఐ తీయించారు. అందులో బయటపడింది. మా పెదనాన్న ఫోన్ చేసి "వేలు తీయించేయండి, పీడా పోతుంది" అన్నారు. ఆయన స్నేహితుడికి మోకాలి కింద వరకు తీశారు, ఆ భయం ఆయనది. సర్జన్ గారు మాత్రం రక్తప్రసరణ బాగుంది, వేలు నిలబెట్టే ప్రయత్నం చేద్దామన్నారు. ఆపరేషన్‌లో చీము తీసి, చచ్చిన కండ కోసి, ఏ క్రిమి ఉందో, దానికి ఏ మందు పనిచేస్తుందో తేల్చే కల్చర్ పరీక్షకు ఎముక ముక్క పంపారు. పైపైన దూదితో తుడిచి పంపితే తోలు మీది క్రిములే వస్తాయట, అందుకే లోపలి ముక్క. రిపోర్టు వచ్చాక దానికి తగ్గట్టు యాంటీబయాటిక్ మార్చారు. చెడ్డ ఎముక మొత్తం తీసేస్తే మందు తక్కువ రోజులు చాలు, ఉంచుకుంటే ఆరు వారాలు. మేము ఆరు వారాలకే సిద్ధపడ్డాం. షుగరుకు ఇన్సులిన్ మొదలుపెట్టారు.

మూడో రోజు డ్రెస్సింగ్ విప్పినప్పుడు ఎరుపు పెన్ను గీత లోపలికి తగ్గింది. అమ్మ ఆ గీతకు దణ్ణం పెట్టుకుంది.

మందులకంటే మాకు కష్టమైంది కాలు కింద మోపనివ్వకపోవడం. నొప్పి ఉన్న మనిషి తనంతట తనే కుంటుతాడు. నాన్నకు ఆ అడ్డే లేదు. రాత్రి మేం నిద్రపోయాక వాకర్ పక్కన పెట్టి మామూలుగా నడిచి బాత్‌రూమ్‌కు వెళ్ళొచ్చేవారు. పొద్దున కట్టు తడిసి ఉండేది. రెండుసార్లు పట్టుకున్నాను, ఒకసారి గట్టిగా అరిచాను కూడా. ఇన్ఫెక్షన్ పూర్తిగా తగ్గాక మోకాలి కింది నుంచి పాదం దాకా బరువంతా పంచే పిండికట్టు వేశారు. అది విప్పుకోలేరు. వారానికోసారి మార్చేవారు. గాయం నిజంగా పూడటం అప్పుడే మొదలైంది. పదమూడో వారానికి తోలు కలిసింది.

పుండు మానినవాళ్లలో దాదాపు 40 శాతం మందికి ఏడాదిలోపే మళ్ళీ పుండు వస్తుందట. అందుకే నాన్న ఇప్పుడు ఇంట్లో కూడా ఎంసీఆర్ చెప్పులే (మెత్తటి ప్రత్యేక రబ్బరుతో చేసినవి) వేసుకుంటున్నారు. వేసుకునే ముందు లోపల చేత్తో తడిమి చూస్తారు. రాత్రి భోజనాలయ్యాక అమ్మ అద్దం పెట్టి రెండు అరికాళ్లూ, వేళ్ల సందులూ చూసి ఫోటో నాకు పంపుతుంది. పోయిన శనివారం ఫోటోలో పాత మచ్చ పక్కన తోలు కాస్త గట్టిపడినట్టు కనిపించింది. సోమవారం పొద్దున్నే సర్జన్ గారి దగ్గర చెక్కించుకుని వచ్చాం. కింద చీము లేదు.