కాళేశ్వరం దిబ్బల రాళ్లు: ఏది శిలాజం, ఏది కాదు

ఈ విడత శిలాజమా కాదా అని పరీక్షకు పెట్టిన రాళ్లన్నీ ప్రాణహిత, గోదావరి కలిసే చోటికి కాస్త దిగువన, ఎండాకాలం తేలిన గులకరాళ్ల దిబ్బల మీద ఏరినవే. వరంగల్ ఊరి చుట్టూ గుట్టల్లో వెతికి లాభం లేదు. అదంతా గ్రానైటు, భూమి లోతున కరిగిన శిల చల్లారి గట్టిపడింది, అందులో శిలాజం నిలవదు. కాళేశ్వరం వైపు నది గోండ్వానా ఇసుకరాళ్లను, అంటే శిలాజాలు దాచుకున్న పురాతన ఇసుక పొరలను, కోసుకుంటూ వస్తుంది. ఎగువ దక్కన్ నుంచి నల్లరాయి (లావా చల్లారిన బసాల్టు), అగేటు (చారలున్న సిలికా రాయి) కూడా కొట్టుకొస్తాయి. అందుకే అసలుదీ దొంగదీ ఒకే కుప్పలో ఉంటాయి.

ఎక్కువగా తేలేది రాయిగా మారిన కలప. ముందు నీళ్లలో ముంచి, తడి ఆరకముందే ఎండకు తిప్పి చూడాలి. చాకు మొనతో గీస్తే గాటు పడకుండా చాకు ఇనుమే బూడిదరంగు గీతగా అంటుకుంటే అది సిలికా, అంటే చాకు ఉక్కుకన్నా గట్టి ఖనిజం. అగేటుకూ ఇదే ఫలితం వస్తుంది కాబట్టి ఇక్కడితో ఆగొద్దు. తేడా తేలేది అడ్డకోతలోనే. నారకు అడ్డంగా ఉన్న కొసను రూపాయి బిళ్లంత మేర 120 నంబరు వాటర్‌పేపర్‌తో మొదలుపెట్టి 220, 400, 800 వరకు నీళ్లు పోస్తూ అరగదీయాలి. ముందు నంబరు గీతలు పోకుండానే తర్వాతిదానికి వెళితే ఆ గీతలే నారలా కనపడి మోసం చేస్తాయి. నంబరు మారినప్పుడల్లా రుద్దే దిశ కూడా మారిస్తే మిగిలిన గీతలు వెంటనే దొరికిపోతాయి. పొడిగా మాత్రం రుద్దొద్దు, సిలికా దుమ్ము ఊపిరితిత్తులకు చేటు.

3వ రాయి 10ఎక్స్ భూతద్దం కింద జల్లెడలా కనిపించింది: సన్నని రంధ్రాలు వరుసలు కట్టి, వలయాలను అడ్డంగా దాటుతున్నాయి. కలపే, అనుమానం లేదు. 5వ దానికి ఇంతకన్నా అందమైన వలయాలున్నాయి గానీ ఇసుక రేణువులు విడివిడిగా తెలుస్తున్నాయి. తుప్పురంగు చార రేణువుల మీదుగా పోతోంది. ఇనుము నీటితో ఇంకిన మామూలు ఇసుకరాయి.

ఎముక విషయంలో ఆశ సహజమే. హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబెట్టిన కోటాసారస్ అనే డైనోసార్ ఎముకలు యామన్‌పల్లి దగ్గర దొరికినవే. కానీ దిబ్బల మీది బెజ్జాల రాళ్లు చాలావరకు నల్లరాయి. అందులో బుడగల గుంతలు గుండ్రంగా, ఎటు చూసినా ఒకేలా ఉంటాయి, కొన్నింటిలో తెల్ల ఖనిజం నిండి ఉంటుంది. ఎముకకు బయట చిక్కని పొర, లోపల స్పాంజిలాంటి అల్లిక ఉండాలి. నాలుకకు అంటుకుంటే ఎముకే అనే పాత చిట్కాను నమ్మొద్దు, ఎండిన బంకమట్టి కూడా అంటుకుంటుంది.

చెట్టుకొమ్మ అచ్చులా ఉన్న నల్లటి చిత్రాలు మాంగనీసు మరకలు. పగులు వెంబడే పాకుతాయి, మధ్య ఈనె ఉండదు. గ్లోసాప్టెరిస్ అనే అంతరించిన మొక్క ఆకుకు నడిమి ఈనె, దాని చుట్టూ వల అల్లిక ఉంటాయి. పైగా అది దొరికేది భూపాలపల్లి, రామగుండం బొగ్గు పొరల మెత్తటి షేల్‌లో, అంటే బురద గట్టిపడి పొరలుగా మారిన రాయిలో. ఏట్లో దొర్లితే షేల్ నుగ్గవుతుంది, అందుకే నున్నటి గులకరాయి మీద ఆకు కనిపిస్తే ముందు మరకనే అనుమానించాలి. గుడ్డు ఆకారం రాళ్లకు పెంకు పొర లేదు, అన్నీ పక్కకే.

11వ రాయి, బూడిదరంగు సున్నపురాయి, ఇంకా తేలలేదు. వెనుకవైపు ఒక్క చుక్క వెనిగర్ వేస్తే సన్నగా పొంగింది, వెంటనే కడిగేశాం. ముందువైపు నల్లగా మెరిసే వంకర చతురస్రాలు రెండున్నాయి. ప్రాణహిత ఒడ్డున ఉన్న కోటా ఊరి పేరుతో పిలిచే సున్నపురాయిలో చేప పొలుసులు ఇలాగే ఉంటాయి. వరుసగా ఒకదానిపై ఒకటి ఎక్కి ఉన్నాయో లేదో ఏటవాలు టార్చి వెలుగులో ఫొటో తీశాకే చుట్టూ రాయి తొలిచే సూది పట్టాలి.